ఓపెనింగ్ నంబరు లేని ఎస్.ఆర్.

మొన్న ఏప్రిల్‌లో పొద్దున్నే మంచం మీంచి లేచి రెండడుగులు వేశానో లేదో, కళ్ళు తిరిగి తలుపు పట్టుకుని కూలబడ్డాను. దెబ్బ తగల్లేదు. అయినా మావాడు ఊరుకోలేదు. నల్లగొండ తీసుకుపోయి తలకు ఎంఆర్ఐ తీయించాడు. గొట్టం లాంటి దాంట్లో పడుకోబెట్టారు. రేకుల షెడ్డు మీద వడగండ్లు పడ్డట్టు ఒకటే చప్పుడు. సాయంత్రానికి రిపోర్టు చేతికిచ్చారు. చివర్లో 'ఏజ్ రిలేటెడ్ సెరిబ్రల్ అట్రోఫీ' అని ఒక ముక్క, దాని కింద 'ఫజేకాస్ గ్రేడ్ 1' అని ఇంకో ముక్క.

మావాడు బస్టాండ్‌లోనే ఫోన్‌లో చూసి, "నాన్నా, మెదడు కుచించుకుపోయిందంట" అన్నాడు. అంతే. దేవరకొండ బస్సు ఎక్కేలోపు మా ఆవిడకు తెలిసిపోయింది. ఇల్లు చేరేలోపు మా బామ్మర్దికి, రాత్రికి వియ్యాలవారికి. తెల్లారి మా వాడకట్టులో ఒకాయన దగ్గరకొచ్చి "ఏం సార్, నన్ను గుర్తుపట్టినవా?" అని అడిగాడు. ఆయన నాకు 2 వేలు బాకీ. మంచిగ గుర్తుపట్టిన అన్నాను.

రెండు రోజులకు డాక్టర్‌ను కలిశాం. ఆయన అడిగిన మొదటి మాట: "పడ్డప్పుడు తల ఎక్కడన్నా తగిలిందా?" లేదన్నాను. రెండుసార్లు అడిగి మరీ ఖాయం చేసుకున్నాడు. ఎందుకో తర్వాత చెప్పాడు. కళ్ళు తిరగడానికి కారణం మెదడు కాదట, పడక మీంచి గబుక్కున లేస్తే బీపీ దిగిపోయిందట. బీపీ గోళీ మార్చాడు. మరి ఈ కుచించుకుపోవడం ఏంది సార్ అంటే, "మీకు 65 కదా. 65 ఏళ్ళ తల 65 ఏళ్ళ తలలాగే ఉంది. జుట్టు నెరిసిందని రిపోర్టు ఇస్తే ఏడుస్తారా?" అన్నాడు.

ఆయన చెప్పినదీ, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెప్తాను. పెద్దవాళ్ళ మెదడు బరువు కిలో 300, 400 గ్రాముల దాకా ఉంటుంది. 40 దాటాక పదేళ్ళకు సుమారు 5 శాతం చొప్పున తగ్గుతుంది, 70 దాటితే ఆ తగ్గడం ఇంకాస్త జోరు కావచ్చు. పల్లికాయ పచ్చిగా ఉన్నప్పుడు గింజ పొట్టును పట్టుకుని ఉంటుంది కదా, ఎండాక చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది. పొట్టు అంతే ఉంది, గింజ చిక్కింది. తల కూడా అంతే. కాకపోతే ఆ ఖాళీలో నీరు నిండుతుంది కాబట్టి చప్పుడు రాదు. ముసలివాళ్ళు పడితే భయపడేది ఇందుకే. మెదడు మీది నుంచి పైపొరకు పోయే సన్న రక్తనాళాలు ఆ ఖాళీ వల్ల సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే ఒకటి తెగి, రోజుల తరబడి కొంచెం కొంచెంగా రక్తం చేరుతుంది. మనిషి మందగిస్తాడు, తడబడతాడు, ఇంట్లోవాళ్ళు 'వయసు' అనుకుంటారు. డాక్టర్ రెండుసార్లు అడిగింది దాని గురించే.

రోజుకు లక్ష కణాలు చచ్చిపోతాయని మా సర్వీసులో ఒక చెకింగ్ సార్ ఎప్పుడూ అనేవాడు. అది నిజం కాదట. ఏ జబ్బూ లేని ముసలితనంలో కణాలు కుప్పలుగా పోవు. కణం చిక్కుతుంది, దాని కొమ్మలు పలచబడతాయి, తీగల మీది తొడుగు అరుగుతుంది. అన్నిచోట్లా ఒకే తీరు కూడా కాదు. నుదుటి వెనక భాగమూ, జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే ముక్కా ఎక్కువ తగ్గుతాయి. తల వెనక చూపుకు సంబంధించిన భాగం అంతగా తగ్గదు.

ఫజేకాస్ అంటే స్కానులో కనపడే తెల్ల మచ్చల లెక్క. 1987లో ఆస్ట్రియా డాక్టర్ ఒకాయన పెట్టిన కొలత, 0 నుంచి 3 వరకు. సన్న రక్తనాళాలు దెబ్బతిన్నచోట ఈ మచ్చలు వస్తాయి, బీపీ ఉన్నవాళ్ళకు ఎక్కువ. నాది 1. డాక్టర్ వేలు పెట్టి చూపించింది దీన్నే. "కుచించుకుపోవడం మీ చేతుల్లో లేదు, ఇది కొంత ఉంది" అన్నాడు. సర్వీసు చివరి పదేళ్ళు బీపీ గోళీ ఒకరోజు వేసి రెండు రోజులు మరిచిన మనిషిని. ఏమీ మాట్లాడలేదు.

ఇక నాకు తట్టిన సంగతి. నేను 1985 నుంచి 2020 దాకా ఆర్టీసీలో కండక్టర్‌ని. టికెట్ కొట్టే టిమ్ మిషన్లు రాకముందు మా చేతిలో టికెట్ల ట్రే ఉండేది. ఒక్కో రేటుకు ఒక్కో బ్లాకు, ప్రతి టికెట్ మీద నంబరు. స్టేజీ దాటగానే ఏ బ్లాకు ఏ నంబరు దగ్గర ఆగిందో ఎస్.ఆర్. కాగితంలో రాయాలి. చెకింగ్‌వాళ్ళు ఎక్కితే ముందు అడిగేది ఆ కాగితమే. ట్రిప్పు మొదలైనప్పుడు ఓపెనింగ్ నంబరు, అయిపోయాక క్లోజింగ్ నంబరు. రెండిటికీ తేడా ఎంతో అన్ని టికెట్లు అమ్మినట్టు. క్లోజింగ్ నంబరు ఒక్కటే చూపించి కలెక్షన్ ఎంతో చెప్పమంటే డిపో మేనేజర్ కాదు, బ్రహ్మదేవుడు దిగివచ్చినా చెప్పలేడు.

నా ఎంఆర్ఐ అట్లాంటి క్లోజింగ్ నంబరు. 40 ఏళ్ళప్పుడు నా మెదడు ఎంత ఉండేదో ఎవరు చూశారు? ఇదే మాట అంటే డాక్టర్ నవ్వి, "కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ తీస్తే అప్పుడు పోల్చి చెప్పొచ్చు. అట్లని ఉట్టిగ తీయించుకోకండి, పైసలు దండగ" అన్నాడు.

మావాడికి మాత్రం ఇది సరిపోలేదు. 'బ్రెయిన్ ఏజ్' అని ఒకటి వెతికి పట్టుకొచ్చాడు. 2010లో జర్మనీలో కాట్యా ఫ్రాంకె అనే ఆమె, తోటివాళ్ళు ఒక పద్ధతి చూపించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మెదడు స్కానులు, వాళ్ళ వయసులు కంప్యూటర్‌కు ఇచ్చి నేర్పిస్తారు. తర్వాత కొత్త స్కాను చూపించి 'ఈ మెదడుకు ఎన్నేళ్ళు?' అని అడుగుతారు. అది 70 అంది, నీకు 65 అనుకో, ఆ ఐదేళ్ళ తేడానే పెద్ద కబురు. చదవగానే నాకు నవ్వొచ్చింది. ఇది హాఫ్ టికెట్ పంచాయితీ!

ఐదేళ్ళు నిండితే హాఫ్, 12 నిండితే ఫుల్. మీసాలు మొలుస్తున్న పిల్లవాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని "ఇంక ఐదు నిండలే సార్" అనే తల్లులను 35 ఏళ్ళు చూశాను. ముఖం చూసి వయసు చెప్పడమే నా పని. ఏడాది అటూ ఇటూ చెప్పేవాణ్ణి. పెద్దవాళ్ళ విషయంలో నాలుగైదేళ్ళు తప్పేవాణ్ణి. కంప్యూటర్ తప్పూ దాదాపు అంతే, సగటున మూడు నుంచి ఐదేళ్ళు. అంటే నాకు ఐదేళ్ళు ఎక్కువ చూపిస్తే అది నా మెదడు తప్పా, దాని అంచనా తప్పా?

ఇంకో సంగతి. మర్రిగూడ వైపు డ్యూటీ పడ్డ మొదటి నెలలో నా అంచనాలన్నీ తలకిందులయ్యాయి. నడుము వంగి, కర్ర పట్టుకుని ఎక్కిన మనిషికి 'పెద్దాయనా, నిదానం' అని చెయ్యి అందిస్తే ఆయనకు 42 ఏళ్ళు. ఫ్లోరైడు నీళ్ళు తాగి తాగి ఎముకలు బిగుసుకుపోయిన మనుషులు. వాళ్ళను చూసి వయసు లెక్క నేర్చుకున్నవాడు హైదరాబాద్ సిటీ బస్సు ఎక్కితే అందరినీ తక్కువ చెప్తాడు. కంప్యూటర్‌కు ఏ దేశం తలలు చూపించి నేర్పారో, దాని కన్ను ఆ తలలకే అలవాటుపడుతుంది. వేలమంది మీద సగటు తీసి మందు పనిచేసిందా లేదా చూడ్డానికి ఇది పనికొస్తుందేమో. నా ఒక్కడి తలకు టికెట్ కొట్టడానికి నేను ఒప్పుకోను.

సరే, నాలో మారింది ఏంది? నిజం చెప్తాను. 30 ఏళ్ళప్పుడు దేవరకొండలో బండి నిండా జనం ఎక్కితే, మల్లేపల్లి, చింతపల్లి, మాల్, యాచారం దాటేదాకా ఎవరికి ఎంత చిల్లర ఇవ్వాలో 20 మంది లెక్క తలలోనే ఉండేది. 50 దాటాక టికెట్ వెనక రాసిస్తే తప్ప గుర్తుండేది కాదు. ఒకవైపు టికెట్ కొడుతూ ఇంకోవైపు ఫుట్‌బోర్డు మీది పిల్లలను అరిచే పని కూడా కష్టమైంది. ఇట్లాంటి వేగం 30ల నుంచే మెల్లగా తగ్గుతుందట. కానీ టికెట్ తీయనివాణ్ణి కనిపెట్టడం నాకు 58లో వచ్చినంత బాగా ఎప్పుడూ రాలేదు. కిటికీ బయటికి మరీ శ్రద్ధగా చూస్తుంటాడు వాడు. మాటలు, మనుషుల అంచనా, తెలిసిన విషయాల పోగు మాత్రం 60ల దాకా పెరుగుతూనే ఉండొచ్చు.

లండన్‌లో ఎలినార్ మగ్వైర్ అనే ఆమె 2000లో ట్యాక్సీ డ్రైవర్ల మెదళ్ళు స్కాను తీసింది. వేల వీధులు కంఠతా పట్టాల్సిన ఉద్యోగం అది. వాళ్ళ హిప్పోక్యాంపస్ వెనక భాగం మిగతావాళ్ళకన్నా పెద్దగా ఉంది. 2006లో అదే ఊరి బస్సు డ్రైవర్లతో పోల్చి చూసింది. రోజూ ఒకే రూటు కాబట్టి కాబోలు, బస్సు డ్రైవర్లకు ఆ పెరుగుదల లేదు. నా పాత జోడీ డ్రైవర్‌కు ఫోన్ చేసి చెప్తే మండిపడ్డాడు. "20 ఏండ్లు ఆ రోడ్డు మీద గుంతలన్నీ కంఠతా పట్టిన. నా తలకాయల ఏం పెరగలేదా?" అన్నాడు. కండక్టర్లను కొలిచినట్టు మాత్రం ఎక్కడా కనపడలేదు.

ఇదంతా జూన్ దాకా సరదాగానే నడిచింది. తర్వాత అక్క సంగతి వచ్చింది.

అక్కది కల్వకుర్తి దగ్గర ఊరు. నాకన్నా 13 ఏళ్ళు పెద్ద, అంటే 78. అమ్మ కూలికి పోతే నన్ను సంకనేసుకుని తిరిగింది అక్కే. బడి ముఖం చూడలేదు. పెళ్ళయ్యాక బావతో బొంబాయికి మట్టిపనికి పోయి 16 ఏళ్ళు అక్కడే ఉంది. ఆమెకు తెలుగు ఎంతో మరాఠీ అంత. కోపం వస్తే మరాఠీనే ముందు వస్తుంది. రెండేళ్ళుగా చెప్పిందే చెప్తున్నదని మేనల్లుడు అంటుంటే పెద్దతనం అనుకున్నాను. ఆగస్టులో హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. పేరు వద్దులెండి.

ముఖానికి మాస్కు పెట్టుకున్న కుర్రవాడు టేబుల్ అవతల కూర్చుని గబగబా అడగడం మొదలుపెట్టాడు.

"ఈరోజు తారీఖు ఎంత?"

"ఆ?"

మళ్ళీ అడిగాడు. "తారీఖుతోని నాకేం పని బిడ్డా? శనారం. ఒక్కపొద్దున్న."

"నెల?"

"శ్రావణం."

కుర్రవాడు నా వైపు చూశాడు. ఆగస్టు అనాలన్నమాట. మీది ఏ జిల్లా అంటే పాలమూరు అంది. ఆధార్‌లో నాగర్‌కర్నూల్ అని ఉంది, తప్పు. 2016 దసరా నాడు ఒక్కపూటలో 10 జిల్లాలు 31 అయ్యాయి. అక్క పుట్టింది నిజాం రాజ్యంలో, పెళ్ళయింది ఆంధ్రప్రదేశ్‌లో, ఇప్పుడున్నది తెలంగాణలో. ఊరు ఉన్నచోటే ఉంది, పైన బోర్డులే మారుతున్నాయి.

వందలోంచి ఏడు తీసెయ్యమన్నాడు. "ఏడు రూపాయలు ఎవరికియ్యాలె?" అని అడిగింది అక్క. నేను ఆగలేక, "అక్కా, వంద కాగితమిచ్చి ఏడు రూపాయల కొత్తిమీర కొన్నవ్, ఎంత రావాలె?" అన్నాను. "తొంబై మూడు" అని టక్కున చెప్పింది. అట్లా అడగొద్దు సార్ అన్నాడు కుర్రవాడు. మార్కు వెయ్యలేదు. చివరికి కాగితం ముందుకు తోసి ఏదైనా ఒక వాక్యం రాయమన్నాడు. అక్క బొటనవేలు చాపి, "ఏలిముద్ర ఎక్కడ పెట్టాలె?" అంది.

30కి 14. కాగితం మీద 'మోడరేట్' అని పడింది, అంటే మతి మధ్యరకంగా తగ్గిందని. అది 1975లో అమెరికాలో తయారైన పరీక్ష. 24 కన్నా తగ్గితే అనుమానించాలని వాడుక. చదువు తక్కువైతే మార్కులు తగ్గుతాయని దాన్ని వాడేవాళ్ళందరికీ తెలుసు. ఆ కాగితం మీద మాత్రం చదువు గురించి ఒక్క గడి లేదు. కుర్రవాణ్ణి నన్ను కూడా అడగమన్నాను. 29 వచ్చాయి. పోయిన ఒక్కటి తారీఖు దగ్గర. రిటైరయ్యాక తారీఖు ఎవరికి గుర్తుంటుంది? కుచించుకుపోయిన మెదడుకు 29! అక్కకు సీటీ స్కాను కూడా తీశారు. రిపోర్టు చివర నాకు రాసిన ముక్కే, అక్షరం పొల్లుపోకుండా: 'ఏజ్ రిలేటెడ్ సెరిబ్రల్ అట్రోఫీ.'

ఒకే ముక్క ఇద్దరికీ రాస్తే దాంతో ఏం తెలుసుకోవాలి? అమెరికాలో 1986లో మొదలైన ఒక పరిశోధనలో 678 మంది క్రైస్తవ సన్యాసినులను చనిపోయేదాకా గమనించారు, తర్వాత మెదళ్ళు పరీక్షించారు. కొందరి మెదడు నిండా అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు గుర్తులు, కానీ బతికినన్నాళ్ళూ తెలివిగానే ఉన్నారు. తల లోపలి బొమ్మ ఒకటి, మనిషి నడవడి ఒకటి.

మా పాత డిపో మిత్రుడు చెబితే ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె ముందు ఫ్యాను ఆపింది. మాస్కు తీసి, కుర్చీ జరుపుకుని అక్క చెవి దగ్గర కూర్చుంది. "ఇప్పుడు పొద్దునా, మధ్యాహ్నమా, సాయంత్రమా?" అని మొదలుపెట్టింది. చదువురానివాళ్ళ కోసం 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో మార్చిన పద్ధతట అది. 'కళ్ళు మూసుకోండి' అన్న కాగితం చదివించే బదులు, నన్ను చూసి నేను చేసినట్టు చెయ్యమని తనే కళ్ళు మూసుకుంది. వాక్యం రాయమనే బదులు మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమంది. అక్క ఒక మాటతో ఆగుతుందా? ఈసారి 20 వచ్చాయి.

తర్వాత మా వైపు తిరిగి, "పదేళ్ళ కిందటితో పోలిస్తే ఎట్లా ఉంది?" అని అడిగింది. సరుకులు గుర్తుపెట్టుకోవడం, డబ్బు లెక్క, నిన్న జరిగింది చెప్పడం, ఒక్కొక్కటీ అడిగింది. నేను నోరు తెరిచి మళ్ళీ మూశాను. పండక్కి ఒకసారి, పెట్టుపోతలకు ఒకసారి పోయేవాణ్ణి. నాకేం తెలుసు? చెప్పింది అక్క కోడలు.

"సంఘంల 12 మంది పైసలు అత్తమ్మ నోటితోనే చెప్పేది మామా, ఎవరు ఎన్ని కట్టిన్రు, ఎవరిది ఎంత బాకీ. పోయినేడు నుంచి లెక్క నాకే ఒప్పజెప్పింది. పాలాయనకు ఒక్క నెలల రెండుసార్లు ఇచ్చింది. బావి కాడికి పోయి పక్క బాటన వచ్చింది ఒకసారి. బతుకమ్మ పాట మాత్రం ఒక్క ముక్క పోలేదు." అరగంట చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంటూనే ఉంది. ఓపెనింగ్ నంబరు ఇన్నాళ్ళూ ఈ పిల్ల దగ్గర ఉంది. మేం స్కాను సెంటర్లలో వెతుకుతున్నాం.

రక్తపరీక్షలో బీ12 విటమిన్ బాగా తక్కువ. చెవుల పరీక్షలో రెండు చెవులూ దెబ్బతిన్నాయి. మొదటిచోట సగం ప్రశ్నలు ఆమెకు వినపడనేలేదు. వినికిడి తగ్గడం డిమెన్షియాకు, అంటే మతి తగ్గిపోయే జబ్బుకు, దారితీసే కారణాల్లో ఒకటని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ ఇచ్చిన 14 కారణాల జాబితాలో కూడా ఉంది. మిషన్ పెట్టించాం. గీపెడుతున్నదని తీసి పోపుల డబ్బాలో దాచిపెట్టింది. కోడలు వెతికి మళ్ళీ పెట్టింది.

ఆమెకు ఎన్ని భాషలొచ్చు అని డాక్టరమ్మ అడిగినప్పుడు ఎందుకో అనుకున్నాను. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను చూసి 2013లో ప్రచురించిందట. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది, చదువురానివాళ్ళలో కూడా. బొంబాయిలో తట్టలు మోసిన 16 ఏళ్ళలో అక్కకు చేతికి దక్కింది ఆ మరాఠీ ఒక్కటే అని నాకు అప్పుడు అనిపించింది. అది ఆమెకు ఎన్నేళ్ళు కలిపిందో చెప్పేవాళ్ళు లేరు.

"బీ12, చెవులు కొంత. అంతా వాటివల్లే అని చెప్పలేను" అంది డాక్టరమ్మ. ఆరు నెలల తర్వాత ఇదే పరీక్ష, పొద్దుటి పూటే, ఇట్లాగే ఫ్యాను ఆపి పెడతానంది. "ఇప్పటి 20 కంటే అప్పటికీ ఇప్పటికీ తేడా ముఖ్యం." నేను జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి గీతలు కొట్టాను. తారీఖు, గుర్తున్నవి, మరిచినవి. అచ్చం ఎస్.ఆర్. కాగితం లాగే.

తిరుగు బస్సులో ఆడవాళ్ళకు జీరో టికెట్. కండక్టరమ్మ ఆధార్ చూసి మిషన్‌లోంచి చీటీ చింపి అక్క చేతిలో పెట్టింది. అక్క దాన్ని రెండువైపులా తిప్పి చూసి, "పైసలియ్యకుంటే దించరా తమ్మీ?" అని నన్ను అడిగింది. ఫ్రీ అక్కా అన్నాను. కడ్తాల్ దాటాక నాకు కునుకు పట్టింది. ఎవరో భుజం పట్టి ఊపుతున్నారు. "తమ్మీ, లే. ఆమనగల్లు దాటింది, వెల్దండ వస్తది. కల్వకుర్తి దిగాలె మనం."

ఊళ్ళో ఆటో దిగాక ఇల్లు ఎటు అని కోడలిని రెండుసార్లు అడిగింది.

రాత్రి నోట్‌బుక్ తీసి ఆ రోజు తారీఖు వేసి రెండూ రాసుకున్నాను. వెల్దండ రాకముందే లేపింది. ఇల్లు ఎటని రెండుసార్లు అడిగింది.